కంప్యూటర్ నోట్లో బంగారం

ఆ రోజుల్లో కంప్యూటర్ బాగు చేయడమంటే సగం ఎదురుచూడటం, సగం దండం పెట్టుకోవడం. ఇప్పుడు మనం నిద్రపోతుంటే ఫోన్ తన పని తానే చక్కబెట్టుకుంటోంది. అప్పుడలా కాదు. పాడైన కంప్యూటర్లో ఉన్నదంతా తుడిచేసి, ఆపరేటింగ్ సిస్టం మళ్ళీ ఎక్కించాలంటే ఒక పెట్టెడు ఫ్లాపీలు (అరచేతిలో పట్టే పలచటి డిస్కులు) ముందేసుకుని, చంటిపిల్లకు ముద్దలు పెట్టినట్టు ఒక్కొక్కటే పెట్టాలి. మధ్యలో ఏ ఒక్కటి మొరాయించినా కథ మళ్ళీ మొదటికే. ‘సిస్టం మళ్ళీ లోడ్ చేయాలి’ అని ఎవరైనా అంటే నాకు ఇప్పటికీ ముందు ఆవులింత వస్తుంది, ఆ తర్వాతే నవ్వొస్తుంది.

మా బాపు సిరిసిల్లలో పవర్‌లూమ్ కార్మికుడు. ఆ మగ్గాల చప్పుడుకు చెవులు సగం పోయి, ఇంట్లో కూడా అరిచే మాట్లాడేవాడు. నన్ను కరీంనగర్‌లో ఒక కంప్యూటర్ షాపుకు తీసుకొచ్చి, ఓనరు సారుకు అప్పజెప్పి, “గీ చప్పుడు నాతోనే పోవాలె కొడుకా” అని బజారంతా వినబడేలా చెప్పి బస్సెక్కాడు. సారు మాత్రం మొహమాటం లేని మనిషి. “దీపావళి దాంక చూస్త. పనొస్తె ఉంటవ్, రాకుంటె మీ బాపు కాడికే పోతవ్” అన్నాడు. ఇంట్లో మగ్గం, ఇక్కడ సారు. రెంటికీ మధ్య నాకు మిగిలింది కొద్ది రోజులే.

దసరా మర్నాడు హుజూరాబాద్ నుంచి ఫోను. అక్కడ ప్రెస్సు నడిపే ఒకాయన, అందరూ ‘కాక’ అంటారు, పెళ్ళి కార్డులు కొడతాడు. పండుగకు ముందు నుంచే మొరాయిస్తున్న ఆయన కంప్యూటర్ ఇప్పుడు పూర్తిగా మొండికేసిందట. మొదటిసారి సారు నన్నొక్కణ్ణే పంపాడు. ఫ్లాపీల పెట్టె ఒళ్ళో పెట్టుకుని, గతుకు వచ్చినప్పుడల్లా దాన్ని రెండు చేతులా పట్టుకుంటూ బస్సులో వెళ్ళాను. కంప్యూటర్ మెళ్ళో బంతిపూల దండ, నుదుట కుంకుమ ఇంకా ఉన్నాయి. పెద్ద డాక్టరులా మొహం పెట్టి, “లోపలున్నయన్ని పోతయి కాకా, ఏం కాదు గద?” అన్నాను. “కార్డులు వేరేగ దాసుకున్న, నువ్వు కానియ్. జర జల్ది, పెండ్లోల్లు వచ్చి కూసున్నరు” అన్నాడు కాక. నిజంగానే బెంచీ మీద తలపాగాతో ఒక పెద్దాయన అప్పటికే కునుకు తీస్తున్నాడు.

మొదటి ఫ్లాపీ కొంచెం బిగువుగా వెళ్ళింది. (పండుగ తిండి దానికీ ఎక్కువైందేమో అనుకున్నాను. ఆ మాట ఎంత నిజమో అప్పుడు తెలియదు.) బొటనవేలితో బలంగా నెట్టాను. చదివింది. పాతదంతా శుభ్రంగా తుడిచేసింది. రెండోదాన్ని మూలుగుతూ చదివింది. మూడోదాని దగ్గర కీచుమని ఆగింది. ఊదాను, చొక్కాకు తుడిచాను, దేవుణ్ణి తలచుకున్నాను. మళ్ళీ మొదలుపెడితే ఇందాక చదివిన మొదటి ఫ్లాపీని కూడా చదవనంది. ఏంచేయను? కరీంనగర్ తిరిగొచ్చి, సారు చూపులు తట్టుకుని, ఇంకో పెట్టె తీసుకుని మళ్ళీ హుజూరాబాద్ చేరాను. ఆ పెట్టె కూడా అలాగే నాశనమైంది. నడుం విరిగిపోతోంది, కళ్ళు మండుతున్నాయి, కాక పెట్టిన గారెలు, మటన్ పక్కన చల్లారిపోతున్నాయి. పెద్దాయన లేచి, “అయిందా బిడ్డా?” అని అడిగి మళ్ళీ పడుకున్నాడు. ఏడుపొకటే తక్కువ. కాక ఫోన్ చేస్తే సారు ఒక్కటే మాటన్నాడట: “వాన్ని ఆడనే ఉండమను.”

పొద్దుగూకే వేళకు సారు మూడో పెట్టెతో దిగాడు. స్క్రూడ్రైవర్ తీసి, ఫ్లాపీలు పెట్టే డ్రైవు ఊడదీసి, బల్లమీద బోర్లించి తట్టాడు. ఎండిన ఆకుల పొట్టు జలజలా రాలింది.

“అయ్యో, నా బంగారం!” అంది గడపలో కూర్చున్న కాక వాళ్ళ అవ్వ. (దసరా నాడు జమ్మి ఆకే మాకు బంగారం. పెద్దల చేతిలో పెట్టి కాళ్ళు మొక్కుతాం, బీరువాలో, గల్లాపెట్టెలో దాచుకుంటాం.) “అన్నిట్ల వెట్టిన కొడుకా. గిది ఇంటికింత అన్నం వెడ్తున్నది, దీనికి వెట్టకుంటె ఎట్ల? మంచిగ నోరున్నది, అండ్ల వెట్టిన.”

సారు నావైపు తిరిగాడు. “నెట్టుడేనా, నోట్ల ఏమున్నదో చూసేది లేదా? రెండు పెట్టెలు ఆగం జేసినవ్. రేపటి సంది నువ్వు...” నాకు మగ్గాల చప్పుడు వినిపించింది. సారు మాట పూర్తికాకముందే అవ్వ లేచొచ్చి, కొంగు ముడి విప్పి, ఆయన అరచేతిలో జమ్మి ఆకు పెట్టింది. “పండుగైనంక ఇయ్యాలనే మా ఇంటికొచ్చినవ్. బంగారం తీస్కో బిడ్డా.” ఇక చేసేదేముంది? సారు వంగి కాళ్ళు మొక్కాడు. “గా పిలగానికి సుత ఇయ్యి. అలాయ్ బలాయ్ తీస్కోండ్రి. పండుగ పూట మొగం మాడ్చుకునుడేంది?” అంది అవ్వ. అందరూ చూస్తున్నారు, పెద్దాయన కూడా నిద్ర లేచి చూస్తున్నాడు. సారు సగం ఆకు నా చేతిలో పెట్టి నన్ను కావలించుకున్నాడు. ఆయన పిడికిట్లో స్క్రూడ్రైవర్ నా వీపులో గుచ్చుకుంటూనే ఉంది. “బతికిపోయినవ్” అన్నాడు చెవిలో. “పెట్టె తియ్.”

అలాయ్ బలాయ్ తీసుకున్న మనిషిని మర్నాడు ఎలా వెళ్ళగొడతాడు? దీపావళి వచ్చింది, పోయింది, నేను ఉండిపోయాను. కొన్నాళ్ళకు బాపును మగ్గం మాన్పించి కరీంనగర్ తెచ్చుకున్నాను. చప్పుడు లేని ఆ ఇంట్లోనూ ఆయన చివరిదాకా అరిచే మాట్లాడాడు. ఆ అరుపు కోసం ఇప్పుడు చెవి కోసుకుంటాను.

మొన్న దసరాకు మా అమ్మాయి ల్యాప్‌టాప్‌ను జమ్మి ఆకు పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూస్తున్నాను. “ఏం దేవులాడుతున్నవ్ బాపూ?” అంది.

“నోరు.”

ఎక్కడా లేదు. పాపం ఆ ల్యాప్‌టాప్, ఎవరూ ముద్ద పెట్టే వీలులేని కాలంలో పుట్టింది. ఆకును నా చొక్కా జేబులోనే వేసుకుని వచ్చేశాను.