విప్పి చూసిన కట్టు

మా అన్న చిత్తూరు బెల్లం మండీలో హమాలీ. పగలంతా మూటలు మోసి, పొద్దుగూకాక బాక్సింగ్ సాధన చేసేవాడు. అంతకుముందు కొన్నేళ్ళు మద్రాసు హార్బరులో కూలిపని చేస్తూ అక్కడి వాళ్ళ దగ్గర నేర్చుకున్న విద్య అది. డెబ్బైల చివర్లో మా ఊళ్ళో ఆ పోటీలకు జనం విరగబడి వచ్చేవారు. టూరింగ్ టాకీసు నడిపే ఒకాయన ఎండాకాలంలో డేరా వేసి, టికెట్లు పెట్టి నడిపించేవాడు. ఆయన్ని అందరూ కాంట్రాక్టరు అనేవారు.

నేను మా ఇంటి వసారాలో కుట్టుమిషను పెట్టుకుని రవికెలు కుట్టేదాన్ని. అన్న అభిమానులు నలుగురైదుగురు రోజూ సాయంత్రం అక్కడికే వచ్చి చేరేవారు. బస్సు కండక్టరుగా చేసి మానేసిన ఒకాయన వాళ్ళకు పెద్ద. వాళ్ళు గుద్దుల గురించి మాట్లాడుకోగా నేను విన్నది తక్కువ. ఒప్పందం ఎన్ని రౌండ్లకు, పోటీకి వచ్చిన మద్రాసు వాడు ఎవరింట్లో దిగాడు, ఈసారి వాణ్ణే ఎందుకు పిలిచారు, ఓడిపోతే మళ్ళీ పోటీ ఉంటుందా ఉండదా, ఇవే మాటలు.

"గుద్దులు సూడను పొయ్యే మీకు ఇదంతా ఎందుకు?" అని ఒకసారి కండక్టరును అడిగాను.

"మొదటి ఏడాది ఏం సేసినారో తెలుసునా పాపా? మద్రాసులో పేరుమోసినోడు వస్తాడని గోడలనిండా బొమ్మ అంటించినారు. వచ్చిందేమో వేరే ఎవుడో. అట్లాంటి నిక్కరే తొడిగి నిలబెట్టినారు. ఒక్క దెబ్బకే పడుకున్నాడు. మేము పిచ్చోళ్ళ మాదిరి ఈలలు కొట్టినాము. రింగులో మేము సూసేది అరగంట. అది నిజమో అబద్ధమో అంతకుముందే ఇంకో తావున తేలిపోయి ఉంటాది. అది తెలుసుకోకుండా పోతే మేము సూసేదేంది, బొమ్మలాటా?"

ఆ మాట నాకు సబబుగానే అనిపించింది. వాళ్ళు మా అన్న పక్షమేననుకుని మజ్జిగ కలిపి ఇచ్చేదాన్ని.

ఆ ఏడు మా అన్న మద్రాసు బాక్సర్ని ఒకణ్ణి ఓడించాడు. వాడు మళ్ళీ పోటీకి రమ్మన్నాడు. కాంట్రాక్టరు పోస్టర్లు వేయించి, టికెట్లు కూడా అమ్మేశాడు. అప్పుడే మండీలో లారీ వెనక తలుపు ఊడి అన్న కుడిచేతి మీద పడింది.

పుత్తూరు తీసుకుపోయాను. ఎముకలు కట్టే పెద్దాయన చెయ్యి పట్టుకుని సరిచేసేటప్పుడు అన్న నా భుజం కొరికినంత పని చేశాడు. ఆకు పసరు, కోడిగుడ్డు సొన పూసి, వెదురు బద్దలు పెట్టి కట్టు కట్టారు. "నేను విప్పేదాకా ఎవురూ దీన్ని తాకకూడదు. ఎముక కదిలిందంటే మళ్ళీ కుదరదు" అని పెద్దాయన మరీ మరీ చెప్పారు.

మర్నాడు కాంట్రాక్టరు వచ్చి గడపలోనే నిలబడ్డాడు. చెయ్యి ఎట్లా ఉందని అడగలేదు.

"టికెట్లన్నీ పోయినాయబ్బా. ఇప్పుడు జనానికి ఏం సెప్పేది నేను?"

"జరిగింది సెప్పు సామీ" అన్నాడు అన్న.

ఆయన అది చెప్పలేదు. మా అన్న ఎక్కువ డబ్బుకు ఆశపడి బేరం పెడుతున్నాడనీ, కట్టు ఉత్త నాటకమనీ బజారంతా చెప్పాడు. పోటీ ఆగితే తప్పు తనది కాకుండా పోవాలని ఆయన ఎత్తు.

ఆ సాయంత్రమే మా వసారా వాళ్ళు వచ్చారు. ఎవరూ కూర్చోలేదు.

"నిజం సెప్పప్పా. ఇరిగిందా, కాంట్రాక్టరూ నువ్వూ కలిసి ఆడతా ఉండారా?" అన్నాడు కండక్టరు.

"సూస్తానే ఉండారు గదా" అని అన్న చెయ్యి ముందుకు చాపాడు.

"కట్టు ఎవురైనా కట్టుకోవచ్చు. విప్పితే తెలస్తాది."

"విప్పకూడదన్నారు, పుత్తూరులో అడగండి పొయ్యి" అని నేను అడ్డం నిలబడ్డాను. కండక్టరు నా వైపు చూడనైనా లేదు. మిషను మీది కత్తెర తీసుకున్నాడు. ఇద్దరు అన్నను భుజాలు పట్టి కూర్చోబెట్టారు. తలచుకుంటే ఎడమచేత్తోనే వాళ్ళను పడగొట్టగలిగినవాడు, కదలకుండా కూర్చున్నాడు. వాళ్ళు నమ్మాలని అన్న కోరిక. అది నాకు ఇప్పటికీ మింగుడుపడదు.

సొన ఎండి గట్టిపడిన గుడ్డ కత్తెరకు ఒక పట్టాన లొంగలేదు. పీకేకొద్దీ అన్న పంటి బిగువున ఓర్చుకున్నాడు. బద్దలు ఊడి కిందపడ్డాయి. నల్లగా కమిలి, సొరకాయంత వాచిన చెయ్యి బయటపడింది. ఒకడు వేలితో నొక్కి చూశాడు. అన్న అరిచిన అరుపుకు పక్కింటివాళ్ళు బయటికి వచ్చారు.

"నిజంగానే ఇరిగుండాదే" అన్నాడు కండక్టరు. ఆయన ముఖంలో జాలి ఏమీ లేదు, వెలుగు వచ్చింది. "అయితే కాంట్రాక్టరే మనకు అబద్ధం సెప్పినాడు. పదండప్పా, వాని సంగతి సూస్తాము!"

అందరూ ఉరుకులు పరుగుల మీద వెళ్ళిపోయారు. ఆ చేతిని తిరిగి కట్టించాలన్న ఆలోచన ఒక్కడికీ రాలేదు. బద్దలు ఏరుకుని, నా పాత చీర చింపి చుట్టి, దొరికిన బస్సులో మళ్ళీ పుత్తూరు తీసుకుపోయాను. పెద్దాయన చూసి చాలాసేపు తిట్టి, తర్వాత నెమ్మదిగా అన్నారు: "కడతాను. అయితే ముందు మాదిరి రాదు."

వాళ్ళు పోయి కాంట్రాక్టరును నిలదీసినా పోటీ ఆగలేదు. మద్రాసు వాడికి ఇంకొకణ్ణి జత చేశారు. జనం గొడవ పడకుండా మా అన్నను రింగులోకి ఎక్కించి చూపిస్తానని కాంట్రాక్టరు బతిమాలాడు. నేను వద్దన్నా అన్న వెళ్ళాడు. కట్టిన చెయ్యి పైకెత్తి నిలబడితే వెనక గ్యాలరీ నుంచి కేకలు లేచాయి.

"విప్పి సూపించు! విప్పు!"

కండక్టరు ముందు వరసలో లేచి నిలబడి, "నేను సూసినా! నా సేతుల్తో విప్పి సూసినా! నిజమే!" అని గొప్పగా అరిచాడు. జనం చప్పట్లు కొట్టారు. ఆ చప్పట్లు ఆయనకు. గంట కొట్టగానే మా అన్న దిగిపోవడం ఎవరూ గమనించలేదు.

ఆ చేతి వేళ్ళు మళ్ళీ పిడికిలిగా ముడుచుకోలేదు. మూట పట్టు దొరకక మండీలో పని పోయింది. చివరికి గేటు దగ్గర కాపలా ఇచ్చారు. నేను మిషను లోపలి గదిలోకి మార్చి, వసారాకు తడిక కట్టించాను. అక్కడ చేరే కండక్టరు వాళ్ళు మంగలి అంగడికి మారారు.

ఒకరోజు అన్న చొక్కా తొడుక్కుని బయలుదేరుతుంటే ఎక్కడికని అడిగాను.

"ఆడికే. కొత్త పోటీ మాట్లాడతా ఉండారంట."

"నీ సెయ్యి పాడు సేసినోళ్ళు గదన్నా!"

అన్న గుండీలు పెట్టుకోలేక నా ముందుకు వచ్చి నిలబడ్డాడు. నేను పెడుతుంటే తల వంచుకుని అన్నాడు: "ఈ ఊళ్ళో నేను ఎవురో తెలిసినోళ్ళు వాళ్ళే గదమ్మా."

చివరి గుండీ పెట్టి పక్కకు తప్పుకున్నాను. ఆయన వెళ్ళాడు.