ఖాళీ క్యానుతో నడక

ఇదంతా ముందే ఎందుకు రాయలేదంటే, నాకు అప్పటికి రాయడం రాదు. అంతకు మించి కథ లేదు. నన్ను బడి మాన్పించారని చెప్పుకుంటే వినేవాళ్లకు జాలి కలుగుతుంది కానీ, నన్నెవరూ మాన్పించలేదు. మాన్పించాలంటే ముందు చేర్పించాలి కదా. జమ్మలమడుగులో మా నాన్నది చిల్లర అంగడి. కందిపప్పు తూచడం, పొట్లం కట్టడం, దారం పుటుక్కున తెంపడం నాకు చిన్నప్పుడే వచ్చు. పొట్లం కట్టిన కాగితం మీద ఏముందో మాత్రం అరవై దాటేదాకా తెలియలేదు. పెళ్లయి ప్రొద్దుటూరు వచ్చాక మా ఆయన బట్టల అంగడి చూసుకున్నాడు, నేను ఆయన్ని చూసుకున్నాను. అందుకు చదువు అవసరమని ఎవరికీ తోచలేదు.

మా వీధిలో పొదుపు సంఘం వాళ్లు మధ్యాహ్నాలు అక్షరాల క్లాసు పెట్టినప్పుడు చేరాను. చదవడం వచ్చింది. రాయడానికి ఇంకా ఆలస్యమైంది. నేను పెన్ను పట్టుకుని కూర్చుంటే చాలు, మా ఆయన హాల్లోంచి "ఏంది రాస్తాండావు?" అనేవాడు. ఇంకా రాయనిది ఏమిటో చెప్పగలిగే తెలివి నాకెక్కడిది? పెన్ను పక్కన పెట్టి వంకాయలు తరుక్కునేదాన్ని.

అదే రోజుల్లో బీపీ వచ్చింది. డాక్టరు మాత్రలు రాసి, పొద్దున్నే నడవమన్నాడు. ఆ సలహా నాకు మాత్రల కంటే నచ్చింది. ప్రొద్దుటూరు బంగారు అంగళ్ల వీధిలో బోర్డుల మీద అక్షరాలు మనిషంత ఎత్తున ఉంటాయి. కొత్తగా చదువు వచ్చినవాళ్లకు అంతకంటే పెద్ద వాచకం ఎక్కడా దొరకదు. తెల్లవారాక నడుస్తూ ఒక్కో బోర్డూ కూడబలుక్కుని చదవడం, ఒత్తుల దగ్గర ఆగి మళ్లీ మొదటికి రావడం, ఇదే నా బడి. నా పేరిట ఉన్నది ప్రపంచంలో ఆ ఒక్క గంటే.

మా వీధిలో ఆడమనిషి ఊరికే నడవకూడదని ఎవరూ అనరు. మా వీధి అంత చెడ్డది కాదు. అడుగుతారు, అంతే. ప్రతి అరుగు మీదా ఒకరుంటారు. ప్రతి ఒక్కరూ "యాడికి పోతాండావు?" అంటారు. "యాడికీ లేదు, ఊరికే" అంటే ఆ ఇంట్లో మధ్యాహ్నం దాకా మాట్లాడుకోవడానికి వాళ్లకు సరుకు దొరుకుతుంది. ఇంట్లో కోడలితో గొడవా, మొగుడితో మాటల్లేవా అని. అందుకే నేను స్టీలు పాల క్యాను పట్టుకుని బయలుదేరేదాన్ని. క్యాను ఉంటే ఎవరూ అడగరు. పాలు మాత్రం ప్యాకెట్లలో మా గేటు దగ్గరికే వస్తాయి. ఎదురింటి అక్కకు షుగరు. ఆమె పూల బుట్ట పట్టుకుని నడిచేది. ఆ బుట్టలో పువ్వు ఉండగా నేను చూడలేదు, దేవుడూ చూసి ఉండడు.

అప్పుడే ఒక మేడమ్ మా ఇంటికి వచ్చింది. కోస్తా వైపు మనిషి. మనసుకూ, అలవాట్లకూ, ఒంటి జబ్బులకూ ఏం సంబంధమో చూసే చదువట ఆమెది. డాక్టరు నడవమంటే మనుషులు ఎందుకు నడవరు, ఒత్తిడి ఎక్కడి నుంచి వస్తుంది అని మా ఊళ్లో ఆడవాళ్లను అడుగుతోంది. నేను కుర్చీలో కూర్చున్నాను. మా ఆయన నాకూ ఆమెకూ మధ్య కూర్చున్నాడు.

"అమ్మా, మీకు నిద్ర బాగా పడుతుందా అండీ?" అని మేడమ్ నన్ను అడిగింది.

"శానా బాగా పడుతుంది మేడమ్. పడుకుంటే లేయదు," అన్నాడు మా ఆయన.

"ఈ మధ్య మీ మనసుకు ఒత్తిడిగా అనిపించిందా అండీ?"

"ఆమెకేం ఒత్తిడి మేడమ్? ఇంట్లోనే ఉంటాది కదా. ఒత్తిడంతా మాకే, బయట తిరిగేటోళ్లకు."

"అమ్మనే చెప్పనివ్వండి సార్."

"చెప్పవే, మేడమ్ అడుగుతాంది గదా. ఒత్తిడి లేదని చెప్పు."

లేదని చెప్పాను. మేడమ్ దాన్ని రాసుకుంది. పరిశోధన అంటే ఇంత సులువని నాకు అప్పటిదాకా తెలియదు.

ఆమె మాత్రం మంచి పట్టుదల మనిషి. నేను కాఫీ కలుపుతుంటే వంటింట్లోకి వచ్చి, పొద్దున మీతో పాటు నడుస్తానంది. మర్నాడు వచ్చింది కూడా, తెల్ల బూట్లు వేసుకుని, ఖాళీ చేతులతో. నా క్యాను, అక్క బుట్ట చూసి, "రోజూ పాలకు వెళ్తారా అండీ?" అని అడిగింది. అక్క పైట నోటికి అడ్డం పెట్టుకుంది. వీధి మొదట్లోనే అరుగు మీద పెద్దామె ఆపింది. మమ్మల్ని కాదు, మేడమ్‌ను.

"యాడికమ్మా పోతాండావు?"

"ఎక్కడికీ కాదండీ, ఊరికే నడుస్తున్నాను."

పెద్దామె మేడమ్‌ను బూట్ల నుంచి తల దాకా చూసింది. "అయ్యో పాపం. ఇంత వయసుకే షుగరా తల్లీ?"

మలుపు తిరిగేసరికి ఇంకో ముగ్గురు అడిగారు. ఒకామె పెళ్లయిందా అని కూడా అడిగింది. తిరిగి వచ్చేటప్పుడు మేడమ్ మా గేటు దగ్గర ఆగి, "రేపు నాకూ ఒక క్యాను ఇస్తారా అండీ?" అంది. ఆ మాటతో ఆమె మా ఊరి మనిషి అయింది.

అన్నీ సవ్యంగా జరిగితే రాయడానికి ఏముంటుంది? ఒకరోజు నేను నడక నుంచి వచ్చి క్యాను గూట్లో బోర్లించాను. మా ఆయన పేపరు దించి చూశాడు.

"అందులో పాలేవీ?"

"లేవు."

"పాల ప్యాకెట్లు గేటుకాడికే వస్తాయి గదా. మరి నువ్వు దినామూ ఖాళీ క్యాను ఊరంతా చూపించుకోని వస్తాండావా?"

"డాక్టరు నడవమన్నాడు."

"నడవద్దన్యానా? మిద్దె మీద నడువు. అంత పెద్ద మిద్దె కట్టించింది యాలకు?"

వడియాలు పెట్టడానికి కట్టించాడనే నేను ఇన్నేళ్లూ అనుకున్నాను. మర్నాటి నుంచి మిద్దె మీద తిరిగాను, నీళ్ల ట్యాంకు నుంచి బట్టల తీగ దాకా, తీగ నుంచి ట్యాంకు దాకా. చదవడానికి ట్యాంకు మీద కంపెనీ పేరొక్కటే ఉంది. అది నాకు మొదటి రోజే వచ్చేసింది. గానుగెద్దుకు కూడా చివర్లో నూనె కనబడుతుంది. నాకు తీగ మీద మా ఆయన బనియన్లు కనబడేవి. డాక్టరు బీపీ చూసి, నడుస్తున్నారా అన్నాడు. నడుస్తున్నానన్నాను. మరి తగ్గలేదేం అని మిషన్ను అనుమానించాడు.

మేడమ్‌తో చెప్పాను. ఆమె బాధపడి, మీ మనసులోది మీరే ఆయనతో నేరుగా చెప్పాలండీ అంది. ఎలా చెప్పాలో కూడా నేర్పింది. "మీరు నన్ను బయటికి వెళ్లొద్దన్నప్పుడు నాకు బాధగా ఉంటోంది. నాకంటూ కొంత సమయం కావాలి." ఇలా అనాలట. గొంతు పెంచకూడదట, కళ్లలోకి చూడాలట. మధ్యాహ్నమంతా కుక్కరు ముందు అభ్యాసం చేశాను. కుక్కరు శ్రద్ధగా విని విజిల్ వేసింది. రాత్రి భోజనాలప్పుడు మా ఆయన కళ్లలోకి చూసి, గొంతు పెంచకుండా, ఒక్క ముక్క పోకుండా అప్పజెప్పాను.

ఆయన ముద్ద కింద పెట్టాడు. కంగారు పడ్డాడు కూడా.

"ఏందే, ఎవురో టీవీలో మాట్లాడినట్ల మాట్లాడతాండావు? కడుపులో మంటగా ఉండాదా?"

ఆయనే లేచి జీలకర్ర నీళ్లు కాచి ఇచ్చాడు. మా కాపురంలో ఆయన పొయ్యి వెలిగించడం చూసిన సందర్భాలు తక్కువ. ఆ విధంగా చూస్తే మేడమ్ పద్ధతి కొంత పని చేసింది.

ఆ వారంలోనే ఆయన పులివెందులలో మా ఆడబిడ్డ ఇంటికి బయలుదేరాడు. పెళ్లి మాటలు. మేడమ్ నాతో మాట్లాడటానికి వచ్చి హాల్లో కూర్చుని ఉంది. ఆయన ఇస్త్రీ చొక్కా తొడిగి, సంచి పట్టుకుని గడప దాటుతున్నాడు. నేను పప్పు మీద ధ్యాసతో వంటింట్లోంచి, "యాడికి, పులివెందులకేనా?" అన్నాను.

బయలుదేరే మగవాణ్ని మా వైపు ఆ మాట అడగరు. అడిగితే వెళ్లే పని చెడుతుంది. ఆయన అక్కడే ఆగాడు. వెనక్కి వచ్చాడు. సంచి దించాడు, చెప్పులు విడిచాడు, పెరట్లోకి వెళ్లి కాళ్లు కడుక్కున్నాడు, గ్లాసెడు నీళ్లు తాగాడు, కుర్చీలో కూర్చున్నాడు.

"శుభమా అని పోతాంటే యాడికంటావా? ఇన్నేండ్లు కాపురం చేసినావు, ఇది గూడా తెల్దా?"

మేడమ్ బిత్తరపోయింది. ఏమైందని అడిగితే, విషయం చెప్పాను. ఆమె తెలియక, చిన్నపిల్ల అడిగినట్టు అడిగింది. "మరి మిమ్మల్ని ఎవరైనా అడిగితే, మీరూ ఇలాగే వెనక్కి వచ్చి కూర్చుంటారా అండీ?"

నేను నోరు తెరిచేలోపే మా ఆయన జవాబు చెప్పాడు. నా తరఫున జవాబులు చెప్పడం ఆయనకు అలవాటే కదా.

"ఆడోళ్లకేం పనులుంటాయి మేడమ్, చెడిపోడానికి?"

అలా అని, చెడిపోయే పనులున్న మనిషి కాబట్టి, సంచి తీసుకుని మళ్లీ బయలుదేరాడు. ఈసారి మేమిద్దరం నోరు మూసుకున్నాం. మేడమ్ పెన్నుకు మూత పెట్టింది. పెళ్లి మాటలు కుదిరాయని రాత్రి వచ్చి చెప్పాడు. నీళ్లు తాగి వెళ్లడం వల్లేనట.

మర్నాడు పొద్దున నేను క్యాను ముట్టుకోలేదు. మిద్దె మెట్లూ ఎక్కలేదు. ఉతికిన చీర కట్టుకుని, చెప్పులు వేసుకుని గడప దాటాను. ఆయన అరుగు మీద పేపరు చదువుతున్నాడు.

"యాడికి? మిద్దె ఈ పక్క గదా."

వెనక్కి వచ్చాను. చెప్పులు విడిచాను, పెరట్లో కాళ్లు కడుక్కున్నాను, నీళ్లు తాగి, హాల్లో ఆయన కుర్చీలో కాసేపు కూర్చున్నాను. మళ్లీ బయలుదేరాను.

"ఏమైందే నీకు? యాడికంటే చెప్పవు?"

మళ్లీ వెనక్కి వచ్చాను. ఈసారి ఇంకా నిదానంగా కడుక్కున్నాను. కాఫీ వేళ దాటిపోతోంది. మూడోసారి నేను గడప దాటేటప్పుడు ఆయన నోరు తెరిచాడు, నా పాదాలు చూశాడు, మూశాడు. పేపరు పైకెత్తుకున్నాడు.

ఎదురింటి అక్క పూల బుట్టతో గేటు తీస్తోంది. "యాడికే, క్యాను లేకుండా?"

"అక్కా, ఒక చెంబు నీళ్లియ్యి. కాళ్లు కడుక్కోవల్ల," అని వాళ్ల గడప మీద కూర్చున్నాను. సంగతి విన్నాక ఆమె నవ్వాపుకోలేక బుట్ట అక్కడే పెట్టేసింది. ఇద్దరం చేతులు ఊపుకుంటూ బంగారు అంగళ్ల వీధి దాకా పోయాం. అంగళ్లు ఇంకా తెరవలేదు. ఒక పెద్ద బోర్డు ముందు నిలబడి, ఒత్తులతో సహా పైకే చదివాను.

ఇంటికి వచ్చేసరికి ఆయన కాఫీ కలుపుకుని తాగేశాడు. నాకు మిగల్చలేదు. నాది నేను కలుపుకుని, అరుగు మీదికి తెచ్చుకుని తాగాను.