గోడ బయటి పిల్లవాడు

పుస్తకం చేతికి రాగానే చివరి పేజీ తిరగేసే అలవాటు నాకు ఆ రోజుల్లో ఉండేది. ఎవరు బతికారో, ఎవరు పోయారో ముందే తెలిస్తేగాని నిమ్మళంగా చదవలేకపోయేదాన్ని. ఈ అలవాటు చూస్తే నా స్నేహితురాలికి ఒళ్ళు మండేది. "విస్తరి ముందు కూర్చోగానే మజ్జిగన్నం కలుపుకునే రకమే నువ్వు," అనేది. తను మాత్రం మొదటి అక్షరం నుంచి ఏదీ వదలకుండా, పెదవులు కదుపుతూ చదివేది. తను పూర్తి చేసేదాకా నోరు కట్టేసుకుని కూర్చోవడం నాకు పెద్ద శిక్ష.

డెబ్బైల చివర్లో మేమిద్దరం బెజవాడలో హైస్కూలు చదువుతున్నాం. తనది దివిసీమలో సముద్రానికి దగ్గరి ఊరు. తమ్ముడు పుట్టిన ఏడాదే తండ్రి పోయాడు. తల్లి చేపల వ్యాపారం చేసుకుంటూ, కూతుర్ని చదువు కోసం గవర్నర్‌పేటలో తన తమ్ముడి ఇంట్లో ఉంచింది. ఏడేళ్ళ కొడుకు మాత్రం ఆమె దగ్గరే ఉండేవాడు. సెలవులకి వెళ్ళొచ్చినప్పుడల్లా నా స్నేహితురాలు వాడి మీద చాడీలు మోసుకొచ్చేది. పలక పగలగొట్టాడని, ముల్లు తీసి పెడితేగాని చేప ముట్టడని.

మేనమామ ఇల్లు స్టీలు సామాన్ల హోల్‌సేలు షాపు పైన మేడ. ఆ సందు చివరే అద్దె పుస్తకాల కొట్టు. అక్కడే మాకు ఆ మూడు భాగాల నవల దొరికింది. పిల్లల కోసం రాశారట. ఆ పిల్లలెవరో గాని చాలా గుండె గట్టి పిల్లలై ఉండాలి.

అందులో ఒక నగరం, దాని చుట్టూ ఎత్తయిన గోడ. సైరన్ మోగగానే గోడ తలుపులు మూసేస్తారు. అప్పటికి లోపలికి రాలేకపోయినవాళ్ళ పేరు ఇక ఎవరూ పలకకూడదు. కన్నతల్లి కూడా పలకకూడదు. పలికినవాళ్ళనీ బయటికి తోసేస్తారు. కథంతా ఒక అమ్మాయిది. ఆమె తమ్ముడు ఆడుకుంటూ బయట ఉండిపోయాడు.

మొదటి భాగం చదివి మేం నవ్వుకున్నాం. ఆ నగరంలో అన్నం ఉండదు, పూటకో మాత్ర మింగుతారు. గోంగూర పచ్చడి లేకుండా అంత పెద్ద గోడ ఎలా కట్టారని మా అనుమానం. రెండో భాగానికి వచ్చేసరికి నవ్వు పోయి పోట్లాట మొదలైంది. "ఇదంతా అబద్ధమే. తల్లి పేరు పెట్టి పిలవకుండా ఎట్టా ఉంటది? మా అమ్మయితే దీపాలేళ వీధిలోకొచ్చి ఊరంతా వినబడేట్టు పిలుస్తది మా వాణ్ణి," అంది తను. నేను రచయిత పక్షం. భయం ఉంటే ఎవరైనా నోరు మూసుకుంటారని వాదించాను. ఆ అమ్మాయి తమ్ముణ్ణి పిలవడానికి గోడ ఎక్కుతుండగా రెండో భాగం అయిపోయింది. మూడోది ఎవరో తీసుకెళ్ళారని, తిరిగి రాగానే ఇస్తానని కొట్టాయన చెప్పాడు.

అది వచ్చేలోపు ఉప్పెన వచ్చింది. కార్తీకమాసం. బెజవాడలో మాకు గాలి, వాన, కరెంటు పోవడం, అంతే. తెల్లారాక గండం గడిచిందనుకున్నాం. దివిసీమ కబురు తరవాత మెల్లిమెల్లిగా, మనుషులతో పాటు వచ్చింది. మేనమామ లారీ పట్టుకుని దారి ఉన్నంత మేర వెళ్ళి, అక్కడినుంచి నడిచి, సహాయ శిబిరంలో ఉన్న అక్కని వెతికి తీసుకొచ్చాడు. ఆమె తుమ్మచెట్టు పట్టుకుని బతికింది. చేతుల నిండా ముళ్ళ గాయాలు. ఒక చేత్తో చెట్టునీ, ఒక చేత్తో కొడుకునీ పట్టుకుందట. పిల్లవాడు చేయి జారిపోయాడు. శవం కూడా దొరకలేదు.

నేను పలకరించడానికి వెళితే మేనమామ మెట్ల దగ్గరే ఆపాడు. "మా అక్క ముందు వాడి పేరు ఎత్తమాకమ్మా. డాక్టరు గారు కూడా అదే చెప్పారు. మెల్లిగా తనే మర్చిపోద్ది," అన్నాడు. వాడి ఫొటో పెట్టె అడుగున పెట్టేశారు. వాడి ఈడు పిల్లల్ని మేడ మీదికి రానివ్వలేదు.

ఆయన చెడ్డవాడైతే నాకు అంత భయం వేసేది కాదు. పుస్తకంలో ఆ చట్టం చేసినవాళ్ళకి బూట్లు, తుపాకులు ఉన్నాయి. ఇక్కడ చట్టం చేసినాయన రోజూ సాయంత్రం అక్క కోసం బత్తాయిలు తెచ్చి, తనే రసం తీసి ఇచ్చేవాడు. ఆ ఇంట్లో అందరూ మెత్తగా మాట్లాడుకునేవారు. ఏ మాటైనా పిల్లవాడి దాకా వెళ్ళేలా ఉంటే మధ్యలోనే తెగిపోయేది. దీపాల వేళ ఆమె లేచి మెట్ల దాకా వచ్చేది. కిందికి చూసి, పిలవడానికి నోరు తెరిచేది. వెనకాల మేమున్నామని గుర్తొచ్చి మూసుకునేది. మళ్ళీ వెళ్ళి చాప మీద కూర్చునేది. నా వాదన గెలిచింది. అలా గెలిచినందుకు నామీద నాకే అసహ్యం వేసింది.

సంక్రాంతి దాటాక మూడో భాగం కొట్టుకి తిరిగొచ్చింది. నేను అరుగు మీద నిలబడే చివరి పేజీ చూశాను. ఆ అమ్మాయి గోడ దాటి బయటికి వెళుతుంది. కనుచూపు మేరా ఇసుక. గొంతు పోయేదాకా తమ్ముణ్ణి పేరు పెట్టి పిలుస్తుంది. ఎవరూ పలకరు. అక్కడితో సరి. నాకు ఆ రచయిత మీద పట్టరాని కోపం వచ్చింది. మూడు భాగాలు వెంట తిప్పుకుని చివరికి ఇసుక చూపిస్తాడా? పుస్తకం తిరిగి ఇచ్చేద్దామనుకుంటూనే మేడ ఎక్కాను. నా స్నేహితురాలు చేతిలోంచి లాక్కుంది.

"చివరి పేజీ చూశావా?"

"చూశాను."

"చెప్పమాక," అంది.

తల్లి చాటలో బియ్యం పోసుకుని రాళ్ళు ఏరుతోంది. ఆమెకి చదువు రాదు. "పెదాలు కదుపుతా కూర్చునే బదులు పైకి చదవవే, నేనూ వింటా," అంది. ఆమె అంత మాట మాట్లాడి చాలా రోజులైంది. కూతురు పైకి చదవడం మొదలుపెట్టింది. ఆ అమ్మాయి గోడ మీద నిలబడింది. నోరు తెరిచి తమ్ముడి పేరు పిలవాలి. నా స్నేహితురాలు ఆగింది. పుస్తకం వైపే చూస్తూ, అందులో ఉన్న పేరు వదిలేసి, తన తమ్ముడి పేరు చదివింది.

పుస్తకంలోని ఆ పేరేమిటో ఇప్పుడెంత తలచుకున్నా నాకు గుర్తు రాదు. తను చదివిన పేరు మాత్రం గుర్తుంది. దాన్ని ఇక్కడ రాయను, అది వాళ్ళ ఇంటిది.

లోపలి గదిలోంచి మేనమామ గుమ్మంలోకి వచ్చాడు. బియ్యంలో తల్లి వేళ్ళు ఆగిపోయాయి.

"వాడు ఎక్కడున్నాడే?" అని అడిగింది.

"గోడ బయటున్నాడమ్మా."

"ఏం తింటన్నాడు?"

గోడ బయటివాళ్ళ తిండి గురించి ఆ పుస్తకంలో ఒక్క ముక్క లేదు. తను పేజీ మీద నుంచి కళ్ళెత్తకుండా చెప్పింది. "అన్నం. చేపల కూర."

"ముల్లు తీసి పెట్టకపోతే తినడు గదే వాడు."

"తీసి పెడతన్నారు. ఎవరో ఒకావిడ ఉందమ్మా అక్కడ."

మేనమామ గుమ్మానికి ఆనుకుని అక్కడే కూలబడ్డాడు. తల్లి నా వైపు తిరిగింది. నా అలవాటు గురించి కూతురు ఎప్పుడో చెప్పి ఉంటుంది.

"నువ్వు చివరి పేజీ ముందే చదువుతావంట గదమ్మా," అంది. "చివర్లో వాడు వస్తాడా?"

నా స్నేహితురాలు కూడా తలెత్తి నన్నే చూస్తోంది. నాకు కళ్ళ ముందు ఆ ఇసుకే ఉంది.

"ఇంకా చూడలేదండీ," అన్నాను.

ఆమె చాట ఒళ్ళోకి జరుపుకుని మళ్ళీ రాళ్ళు ఏరడం మొదలుపెట్టింది.

"అయితే మెల్లిగా చదవండే. తొందరేముంది," అంది.