మా మరదలి ఆయ్

మా మామయ్య కూతురు ఫోన్లో గేమ్ ఆడుతుంటే, లైవ్‌లో చూసేవాళ్ళు కింద కుప్పలు తెప్పలుగా "ఆయ్, ఆయ్" అని రాస్తారు. అది ఎవరినైనా పడగొట్టినా ఆయ్, అదే పడిపోయినా ఆయ్. ఈమధ్య ఆ మాట అచ్చేసిన టీషర్టులు కూడా వచ్చాయి. అవి చూసిన రోజు నా ఫోను రొయ్యల చెరువులోకి గిరాటేద్దామనుకున్నాను. ఫోను లేకపోతే దాని ఆట ఎలా చూస్తానని ఆగాను.

దానికి ఆట నేర్పింది నేను. నలుగురు ఒక జట్టుగా దిగే తుపాకుల ఆట అది. కాట్రేనికోనలో మా ఇంట్లో సిగ్నల్ సరిగా ఉండదు, నాన్నగారి చెరువు గట్టు మీద మాత్రం బాగుంటుంది. ఇద్దరం పొద్దున్నే వెళ్ళి గట్టు మీద గోనె పరుచుకుని కూర్చునేవాళ్ళం. చెరువులో గాలి కొట్టే ఏరియేటర్ల మోత మైకులో విని, వేరే ఊళ్ళ నుంచి ఆడే అమ్మాయిలు మా పక్కన జలపాతం ఉందనుకునేవాళ్ళు. నా గురికి తిరుగులేదు. అది మాత్రం గోడని కాల్చి శత్రువు తగిలాడా అని నన్ను అడిగేది.

మా వైపు ఎవరేం చెప్పినా ఆయ్ అంటాం. విన్నానండి, సరేనండి, అలాగే చేస్తానండి, అన్నీ అందులోనే ఉన్నాయి. అమలాపురంలో డిగ్రీలో చేరిన కొత్తలో నేను మైకులో అలాగే అంటే, హైదరాబాదు అమ్మాయి ఒకతె నాకు తూటా తగిలి మూలిగాననుకుంది. నన్ను కాపాడాలని దాక్కున్న చోటు వదిలి పరిగెత్తుకొచ్చి తనే చచ్చింది. జట్టంతా నవ్విన నవ్వుకి నా తల తీసేసినట్టయింది. ఆ రోజుతో ఆ మాట మానేశాను. ఏమైనా చెబితే నోరు మూసుకుని పని చేసేదాన్ని, మరీ తప్పకపోతే ఓకే అనేదాన్ని. మరదల్ని కూడా మానమని ఎన్నిసార్లు కసిరినా, దానికీ ఆయ్ అనేది.

తరవాత హైదరాబాదు జట్టు ఒకటి ఒక అమ్మాయి కోసం వెతుకుతోందని తెలిసింది. ఉన్నది ఒకటే చోటు. జీతమిచ్చి, ఉండడానికి గదిచ్చి, పెద్ద పోటీలకు తీసుకెళతారు. బీయిడీ చదివి బడిలో చేరమంటున్న ఇంట్లో, ఆటే నా ఉద్యోగమని చెప్పడానికి నాకున్న దారి అదొక్కటే. ఇద్దరం ఆ గట్టు మీద నుంచే పరీక్ష ఆడాం. నేను ఒక్కదాన్నే ఎదుటి జట్టుని మొత్తం పడగొట్టాను. అది చాలాసేపు ఒక గోడ చాటున కూర్చుంది.

ఆ జట్టు కెప్టెన్ మైకులో, ఆటలో కనిపించే ఇంటి వెనక్కి పొమ్మంటే అది "ఆయ్" అంది.

"ఏమైంది? తగిలిందా?" అని కెప్టెన్ కంగారుపడింది.

"లేదండీ, వెళ్తన్నానండీ."

నేను లోపల్లోపల నవ్వుకున్నాను. ఇక ఆ చోటు నాదే అనుకున్నాను.

దాన్ని తీసుకున్నారు. నేను సిగ్గు విడిచి కెప్టెన్‌ని ఎందుకని అడిగాను.

"నీ గురి మస్తుంది," అంది. "గానీ నేను చెప్పింది నువ్వు ఇన్నవో లేదో నాకెట్ల తెలుస్తది? ఆమె ప్రతి మాటకీ ఆయ్ అంటది. నాకు అది చాలు."

నేను సిగ్గుపడి వదిలేసిన మాటతో అది నా చోటులోకి వెళ్ళింది. పోనీ నా దగ్గర లేనిదేదో దానికుందంటే సరిపెట్టుకునేదాన్ని. అది నా నోట్లోదే.

అప్పటి నుంచి నాకు కుళ్ళు. అసూయ అంటే కాస్త గౌరవంగా ఉంటుంది గానీ, నాది అచ్చమైన కుళ్ళే. పెళ్ళిళ్ళలో చుట్టాలు దానితో ఫోటోలు దిగి, నా వైపు తిరిగి "నువ్వూ ఆడతావా అమ్మా?" అంటారు. అమలాపురం కాలేజీల పోటీలో నేను గెలిచి కప్పు తెస్తే, మా అమ్మ "మీ మరదలికి చెప్పేవా?" అంది. కప్పు గురించి ఇంకో మాట లేదు. దాని ఆట ఒక్కటి కూడా వదలకుండా చూశాను, ఓడిపోతుందేమోనని. ఓడిన రోజు అన్నం ఇంకాస్త పెట్టించుకున్నాను.

మొన్నామధ్య అది నాలుగు రోజులు ఉండి వెళదామని వచ్చింది. పాత గట్టు మీదే ఇద్దరం ఎదురెదురు ఆడాం. ప్రతిసారీ నేనే గెలిచాను, గెలిచిన ప్రతిసారీ ఒళ్ళు ఇంకా మండింది. ఇంత ఆట పెట్టుకుని నేనిక్కడ, గోడని కాల్చే పిల్ల అక్కడ. అది మాత్రం పడీ పడీ నవ్వింది.

"వదినా, మా జట్టులో ఒకావిడ మానేస్తన్నారు. ఎవరైనా ఉన్నారా అని కెప్టెన్ గారు అడిగేరు. నీ పేరు చెప్పేను," అంది.

"ఏమని చెప్పేవు?"

"నాకంటే బాగా ఆడతాదని."

"నీకు మతి ఉందా? నన్ను చూసేక నిన్ను తీసేస్తేనో?"

"తీసేస్తే తీసేస్తారు. నువ్వు బాగా ఆడతావు కదా వదినా, ఉన్నదే చెప్పేను," అని మళ్ళీ ఫోను చేతిలోకి తీసుకుంది.

కెప్టెన్ నన్నే అడిగి ఉంటే దాని పేరు చెప్పేదాన్నా? చెప్పేదాన్ని కాదు. మా ఊళ్ళో ఇంకెవరూ లేరండీ అనేదాన్ని.

కెప్టెన్ నన్ను తీసుకుంది. ఇప్పుడు ఇద్దరం ఒకే జట్టులో ఆడుతున్నాం, పక్క పక్క కుర్చీల్లో. కుళ్ళు తగ్గిందా అంటే, తగ్గలేదు. ఇదివరకు దాని పేరు మీద, ఫోటోల మీద, టీషర్టుల మీద ఉండేది. అవన్నీ నాకూ వస్తాయేమో, చెప్పలేం. తనకంటే బాగా ఆడేవాళ్ళున్నారని నోరారా చెప్పేసి, ఆ కుర్చీలోనే హాయిగా కునుకు తీస్తోందే, ఇప్పుడు నా ఏడుపంతా ఆ నిశ్చింత మీద.