వస్తా అన్నాడా, వస్తన్నా అన్నాడా

తమ్ముడి చివరి మాట అమ్మ ఫోన్‌లో రికార్డై ఉంది. దివిసీమలో మా ఊరి నుంచి వాడు వేటకు వెళ్లిన పడవ తిరిగి రాలేదు. పడవా దొరకలేదు, తమ్ముడూ దొరకలేదు. ఆ రోజు ఇంకా సిగ్నల్ అందే దూరంలో ఉండగానే గాలి మారింది. అమ్మ ఫోన్ చేసి, "వచ్చెయ్యరా నాన్నా, లోపలికి పోమాక" అంది. వాడేదో బదులిచ్చాడు. "వస్త" వరకు వినిపిస్తుంది. ఆపైన గాలి హోరు, ఫోన్ కట్టయిన చప్పుడు.

మా ఇళ్లలో బయటికి వెళ్లేవాళ్లెవరూ వెళ్తానని అనరు, వస్తాననే అంటారు. అమ్మ ప్రాణం పోతున్నది అక్కడే. "వస్తా" అన్నాడంటే అమ్మ మాట వినకుండా సముద్రంలోకి వెళ్లిపోయినట్టు. "వస్తన్నా" అన్నాడంటే మాట విని పడవ తిప్పినట్టు. ఆ ఒక్క అక్షరం కోసం అమ్మ ఫోన్ చెవికి ఆనించుకుని కూర్చుంటుంది. తిండి లేదు, నిద్ర లేదు. నేను విసుక్కుని ఫోన్ లాక్కుంటాను. లాక్కుని నేనూ వింటాను.

కాల్స్ రికార్డయ్యేలా పెట్టింది తమ్ముడే. ఐసు ఎంత చెప్పమన్నాడో, వల ఎవరికిమ్మన్నాడో అమ్మ మర్చిపోతుందని పెట్టాడు. సెట్టింగ్స్‌లో పెద్ద ఫైలా, చిన్న ఫైలా అని అడిగితే, "చిన్నది చాల్లే, మెమరీ తినదు" అని నొక్కేశాడు. వాడి మీద ఎంత కోపం వస్తుందో చెప్పలేను. తిట్టడానికైనా వాడు లేడు.

గుడివాడలో పాటలు రికార్డు చేసే ఆయన ఉన్నాడంటే పామర్రులో బస్సు మారి వెళ్లాను. "దీన్ని వేవ్ ఫైల్ చెయ్యండి. అందులో ఏదీ పోదంట కదండీ" అన్నాను. ఆయన హెడ్‌ఫోన్స్ పెట్టుకుని మళ్లీ మళ్లీ విన్నాడు.

"మొదటే వేవ్‌లో తీసుంటే అంతా ఉండేదండీ. చిన్న ఫైల్ చేసేటప్పుడు అక్కర్లేదనుకున్న శబ్దాన్ని ఫోనే తీసి పారేస్తుంది. ఇప్పుడు పెద్దది చేసినా సైజు పెరుగుద్దిగానీ పోయింది రాదండీ."

అయినా చెయ్యమన్నాను. బతిమాలాను, ఏడ్చాను. పాపం, చేసిచ్చాడు. అక్కడే విన్నాను. అదే "వస్త", అదే గాలి.

ఇంటికొచ్చేసరికి అమ్మ గుమ్మంలోనే ఉంది.

"తెచ్చావా?"

"తెచ్చానమ్మా, పెద్ద ఫైలు."

వినిపించబోతే నా చెయ్యి పట్టుకుంది.

"వద్దు. దాంట్లో కూడా లేకపోతే ఇంకెక్కడ వెతుక్కోను?"

నేను విన్న సంగతి చెప్పలేకపోయాను. ఇప్పటికీ చెప్పలేదు.

బందరులో బట్టల కొట్లో నా పని. పొద్దున్నే బయల్దేరుతూ అలవాటుగా "వస్తా" అంటే అమ్మ ముఖంలో నెత్తురు ఉండదు. అందుకని ఇప్పుడు, "సాయంత్రం బస్సుకి ఇంటికి తిరిగొచ్చేస్తానమ్మా" అంటున్నాను.

"మొత్తం చెప్పు" అంటుంది.

మొత్తం చెప్పాను కదా అని అనను. మళ్లీ మొదటి నుంచి చెబుతాను.