జ్వరం తగ్గేదాకా ఎవరమూ రాము

మొన్న టీవీలో ఒక పెద్దమనిషి, కరోనా టీకాలకు మా వంటి కూలివాడల్లో జనం వెనకాడింది వట్టి మూఢనమ్మకం వల్లనేనని తీర్పు చెబుతుంటే, ఈ వయసులోనూ నాకు ఒళ్ళు మండింది. నా ఈడువాళ్ళకు కొత్త సంగతి కాదు గాని, మా చిన్నమ్మ కథ చెప్పకుండా ఉండలేకపోతున్నాను.

అరవైల తొలినాళ్ళలో, కొత్తకోటకు ఆవల ఉన్న మా ఊరి చుట్టుపక్కల అమ్మవారు పోసిందని కబురు రాగానే, మశూచి టీకాలు వేసే ఆయన వచ్చి, మా వాడలో అడుగు పెట్టకుండా మేము కూలికి పోయే పటేలు ఇంటి ముందు కుర్చీ వేయించుకుని మమ్మల్నందరినీ అక్కడికి తోలుకురమ్మన్నాడు. మావాళ్ళు జొన్నచేలల్లో దాక్కున్నారు. భయపడ్డ మాట నిజమే, కానీ సూదికి కాదు. టీకా వేస్తే చెయ్యి వాచి జ్వరం వస్తుంది, జ్వరమని పనికి పోకపోతే పటేలు మనిషి గడప ముందుకొచ్చి తిడతాడు, ఆ పూట పొయ్యిలో పిల్లి లేవదు. పైగా అంతకుముందొకసారి ఆడవాళ్ళను రెక్క పట్టి లాగి టీకాలు వేసిన అవమానం ఎవరూ మరవలేదు.

మా అమ్మకు చెల్లెలైన చిన్నమ్మ, అంతకు కొన్నేళ్ళ ముందు ఆ మశూచికే పసిబిడ్డను పోగొట్టుకున్న మనిషి, టీకా వద్దనేది కాదు. అందరూ దాక్కుంటే ఆమె ఒక్కతే నేరుగా ఆ కుర్చీ ముందుకు పోయి నిలబడింది.

"రోగం మా ఇండ్లల్లకు రావట్టె, నువ్వు రానీకి ఏమైంది సారూ? మా అరుగు మీద కూసొని ఎయ్యి, అందరం ఏసుకుంటం."

పటేలు కసిరినా ఆమె కదల్లేదు. టీకాల ఆయన కుర్చీలోంచి లేచి సంచి అందుకుని మా వాడలోకి వచ్చి, చిన్నమ్మ ఇచ్చిన చెంబెడు నీళ్ళు తాగాడు. మొదటి టీకా ఆమెకే వేశాడు. అది చూసి చేలల్లోంచి ఒక్కొక్కరే బయటికి వచ్చారు.

కొద్దిరోజులకు వాడంతా జ్వరంతో మూలుగుతుంటే, కలుపుకు రమ్మని పటేలు మనిషి రానే వచ్చాడు. చిన్నమ్మ కాగుతున్న ఒంటితోనే వాడ మొదట్లో అడ్డం నిలబడి, "జెరం తగ్గేదాంక ఎవ్వరం రాం. మీ పటేలుకు గిట్లనే చెప్పు, పో" అన్నది. ఆమె వెనకాల మా అమ్మ, అవ్వ, వాడలోని ఆడవాళ్ళందరూ వచ్చి నిలబడ్డారు. ఉన్న జొన్నపిండి అంతా ఒక్కచోట పోసి గటక వండుకుని తిన్నాం గాని, ఒక్కరూ పనికి పోలేదు.

ఆ ఏడాది పక్క ఊళ్ళలో పిల్లలు పోయారు, మా వాడలో ఒక్క బిడ్డా పోలేదు. పటేలు మాత్రం చిన్నమ్మను మళ్ళీ తన చేలో అడుగు పెట్టనివ్వలేదు. ఆమె సడక్ మీద కంకర కొట్టి బతికింది గాని, తప్పయిందని ఆయన గడప తొక్కలేదు.

ఇప్పుడు మా వాడకు సిమెంటు బాట పడింది, నర్సమ్మలు ఇంటింటికీ వస్తున్నారు. అయినా ఒంట్లో బాగాలేక పని మానితే రేపెట్లా అన్న భయం, పట్నంలో కూలికి పోయే మా పిల్లల కళ్ళలో నాకింకా కనబడుతూనే ఉంది. వాళ్ళ తరఫున 'జ్వరం తగ్గేదాకా రాము' అని చెప్పే మనిషి మాత్రం ఇప్పుడెవరూ కనబడరు.