లాగ్ ఫార్మాట్ మార్చిన పొద్దు

పాల కేంద్రంలో ట్యాంకు వెచ్చబడితే మెసేజి పంపే సర్వీసు మాది. అది చూసి కేంద్రం వాళ్లు జనరేటర్ వేస్తారు. చదవడానికి బాగుంటుందని ఈ పొద్దున, ట్యాంకు వేడి నమోదయ్యే లాగ్ లైన్ల ఫార్మాట్ మార్చినాను. మధ్యాహ్నం దాకా ఒక్క అలర్ట్ మెసేజీ పోలేదు. ఆత్మకూరులో మా ఇంట్లో హాయిగా అన్నం తింటా ఉంటే అనంతసాగరం కేంద్రం చూసే రమణక్క ఫోన్ చేసింది.

"కరెంటు పోయి రెండు గంటలయింది. నీ మెసేజి రాలేదేంది అబ్బయ్యా?"

ఎంగిలి చేత్తోనే లాప్‌టాప్ తెరిచినా. ఆ లైన్లు చదివి అలర్ట్ పంపే స్క్రిప్టు ఇంకా పాత ఫార్మాట్ లైన్ల కోసమే వెతుకుతా ఉండాది. వెంటనే పాత ఫార్మాట్ పెట్టేసినాను.

"మెసేజి వచ్చిందా అక్కా? జనరేటర్ వెయ్యి!"

"నీ మెసేజి కోసం కూర్చుంటే పాలు ఇరిగిపోవా? ట్యాంకు మీద చెయ్యి పెట్టి చూసి ఎప్పుడో వేసినాను."

అలర్ట్ పంపాల్సింది నేను, పంపింది ఆమె. మీ పనిలో మీ రమణక్క ఎవరో చెప్పండి.